ఎడమవైపు ఆలస్యం

మెల్‌బోర్న్‌లో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్‌లో వీడియోలు చూడటం నా ఉద్యోగం. ఇక్కడివాళ్లు ఫుటీ అనే ఈ ఫుట్‌బాల్ కోడిగుడ్డు ఆకారపు బంతితో, చేతులూ కాళ్లూ రెండూ వాడి ఆడేది. ఈ దేశం వచ్చి మాసన్ లేక్స్‌లో చదువుకునే రోజుల్లో నాకు దాని రూల్స్ కూడా తెలియవు. ఏ ఆటగాడు ఎటు కదిలాడో ముక్కలుగా కత్తిరించి ఇస్తాను. ఎవరిని తీసుకోవాలో మా బాస్ నిర్ణయిస్తాడు.

ఆ ఏడాది సీజన్ ముగిశాక మాకొక డిఫెండర్ అవసరమయ్యాడు. ముప్ఫై దాటిన ఒకతను ఫ్రీ ఏజెంట్‌గా ఉన్నాడు. పాత క్లబ్‌తో కాంట్రాక్టు అయిపోయింది, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చు. పిలిచింది మేమే.

"లోపం వెతికిపెట్టు. మంచి సంగతులు అతని మేనేజర్ చెప్తాడులే," అన్నాడు బాస్.

వెతికాను, దొరికింది. బంతి ఎడమవైపు వస్తే అతను ఒక్క క్షణం ఆగి, అప్పుడు పరిగెత్తుతున్నాడు. ఈలోగా ఎదుటివాడు దాటిపోతున్నాడు. అంతకుముందు అతని తలకు దెబ్బ తగిలిన సంగతి నాకు తెలుసు. రెండూ కలిపి ఒక పేజీ రాశాను. దెబ్బ తర్వాత చురుకుదనం "తగ్గి ఉండవచ్చు" అని మొదట రాసి, కొట్టేసి, "తగ్గింది" అని మార్చాను. బాస్‌కి 'ఉండవచ్చు'లు నచ్చవు.

అతను ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. నా పేరు అడిగి, సరిగ్గా పలికేదాకా రెండుసార్లు అనుకున్నాడు. గదిలో కూర్చోబెట్టి బాస్ ఆ వీడియో ముక్కలన్నీ వరుసగా వేశాడు.

"ఇక్కడ నన్ను ఆగమని..." అంటూ అతను మొదలుపెట్టాడు.

"అందరికీ ఏదో ఒక కారణం ఉంటుంది," అని బాస్ అడ్డుకున్నాడు. "ఇది చూడు. మా అమ్మ కూడా నిన్ను దాటిపోతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోయినా నన్నెవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

బయట కార్ల దగ్గర అతను నాకోసం నిలబడి ఉన్నాడు. "తలదెబ్బ గురించి రాశారా? డాక్టర్లు అంతా బాగుందన్నారు. ఆ మాట బయటికి పొక్కితే నన్నింకెవరూ తీసుకోరు," అన్నాడు.

"నా పని నేను చేశాను," అని కారెక్కాను.

మేము అతన్ని తీసుకోలేదు. బాస్ ఆ పేజీని వేరే క్లబ్‌లో ఉన్న స్నేహితుడికి పంపాడు. అక్కడినుంచి ఎంతమందికి వెళ్లిందో తెలియదు. ఎవరూ పిలవలేదు. కొన్ని వారాలకు అతను రిటైర్మెంట్ ప్రకటించాడు. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఆ ఆదివారం కేరమ్ డౌన్స్ గుడికి వెళ్లి, అటునుంచి తెలిసిన అంకుల్ వాళ్లింట్లో బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి, వెళ్లాం.

"మా ఆవిడతో కేర్‌ఫుల్‌గా ఉండండి అంకుల్," అన్నాడు మా ఆయన. "వన్ పేజ్ రాసిందంతే, ప్లేయర్ కెరీర్ ఓవర్."

"అబ్బో, ఫుటీలో కూడా మనవాళ్లదే పవర్ అన్నమాట," అన్నారు అంకుల్. నాకు సంతోషంగానే అనిపించింది.

మరుసటేడు అతని పాత క్లబ్‌నుంచి మాకు కొత్త డిఫెన్స్ కోచ్ వచ్చాడు. ఏదో ఉదాహరణకని ఆ ముక్కలే చూపించాను.

"ఆగమన్నది నేనే," అన్నాడు కోచ్. "ఎడమవైపు ఇంకొకడు వచ్చేదాకా మధ్యలో ఖాళీ వదలొద్దని చెప్పాను. ఆ ఇంకొకడు ఎప్పుడూ టైముకి రాలేదు. పాపం, ఇతను ఒక్కసారీ వాడిమీద ఫిర్యాదు చేయలేదు."

తిన్నగా బాస్ దగ్గరికి వెళ్లి, పేజీ తప్పని, సరిచేసి పంపుదామని చెప్పాను.

"ఎవరికి?" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

"అందరికీ. అతనికి కూడా."

"అతనిప్పుడు ఇళ్లకి కంచెలు వేస్తున్నాడట. ఏడాదిగా పరిగెత్తనివాణ్ణి ఎవరు తీసుకుంటారు? నీ తప్పు నువ్వే చాటుకోవడం తప్ప ఏమీ జరగదు." ఆ ఏడాది ఫ్రీ ఏజెంట్ల పేర్లు నా ముందుకు తోశాడు.

అతని ఈమెయిల్ మా ఫైల్లో ఉంది. నాలుగు వాక్యాలు రాశాను. దాన్ని అతను లాయర్‌కి చూపిస్తే నా గతేమిటని ఆలోచించి, చెరిపేశాను.

ఆ మధ్యాహ్నమే జాబితాలో మొదటివాడి వీడియోలు తెరిచాను. లోపం దొరకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.