పరిశీలనలో ఉంది

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, జూలై మొదటి వారంలో, పాలిటెక్నిక్ ప్రవేశాల కౌన్సెలింగ్‌కి నన్ను వెరిఫికేషన్ ఆఫీసరుగా వేశారు. అప్పటికి నేను విజయవాడలో ఒక ప్రభుత్వ కాలేజీలో మెకానికల్ సెక్షన్‌కి హెడ్‌ని. ఆ ఏడు మా కాలేజీనే హెల్ప్‌లైన్ కేంద్రంగా పెట్టారు. ఉత్తర్వు ఒక్క పేజీ. నా పేరు, హోదా, లాగిన్ వివరాలు, రోజూ తొమ్మిదింటికల్లా హాజరు కావాలన్న హెచ్చరిక. అంతకుముందు నాలుగుసార్లు చేసిన డ్యూటీ కనుక నేను దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు.

ఆ పనేమిటో తెలియనివారి కోసం కాస్త చెబుతాను. పదో తరగతి అయిన పిల్లలు ఎంట్రన్స్ రాసి ర్యాంకు తెచ్చుకుంటారు. తర్వాత ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కిస్తారు. మేము వాటిని తెర మీద ఒక్కొక్కటే తెరిచి చూసి, సరిగ్గా ఉంటే ఆమోదిస్తాం. ఆమోదం పడితేనే ఆప్షన్లు పెట్టుకోవడానికి వీలవుతుంది, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరసగా ఎంచుకోవడానికి. ఆ గడువు దాటిపోతే ఎంత మంచి ర్యాంకూ ఆ విడతలో పనికిరాదు. దరఖాస్తులో ఏదైనా తక్కువైతే కారణం రాసి వెనక్కి పంపాలి, అప్పుడు విద్యార్థి ఫోన్‌కి మెసేజ్ వెళుతుంది. ఆమోదించకుండా, వెనక్కీ పంపకుండా మా దగ్గరే ఉంచినన్నాళ్ళూ వెబ్‌సైట్‌లో విద్యార్థికి కనబడేది ఒకటే మాట. పరిశీలనలో ఉంది.

ఇక్కడ మా కేంద్రానికున్న ఒక అలవాటు చెప్పాలి. రోజూ సాయంత్రం ఐదింటికి జిల్లా కోఆర్డినేటర్ గారు వీడియో కాన్ఫరెన్సులో కేంద్రాలవారీగా చదివేవారు, ఎవరెన్ని ఆమోదించారు, ఎన్ని వెనక్కి పంపారు అని. వెనక్కి పంపినవి ఎక్కువున్న కేంద్రానికి అందరి ముందూ చురకలు పడేవి. పరిశీలనలో ఉన్నవాటి గురించి మాత్రం ఆయన అడిగేవారు కారు. ఈ కిటుకు కనిపెట్టినవాళ్ళలో నేను మొదటివాణ్ణి. అనుమానమున్న దరఖాస్తుకి కారణం రాసి, వెనక్కి పంపే బటన్ నొక్కకుండా ఉత్తినే సేవ్ చేసి పక్కన పెట్టేవాణ్ణి. తర్వాత తీరిక చూసుకుని పిల్లల ఇంటికి ఫోన్ చేసి కాగితం తెప్పించుకోవడం. అలాంటివాటి నెంబర్లు ఒక చీటీ మీద రాసి టేబుల్ అద్దం కింద దోపేవాణ్ణి. వెనక్కి పంపడమన్నది దాదాపు లేని కేంద్రం మాదేనని ఏటా కాలరెగరేసుకుని తిరిగేవాళ్ళం.

ఆ జూలైలో చీటీ మీద ఏడు నెంబర్లు చేరాయి. అందులో ఒకటి భవాని అనే అమ్మాయిది. నాలుగో తరగతి నుంచి పది దాకా ఎక్కడ చదివిందో చూపించే స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి, స్థానికత తేల్చేది వాటితోనే. ఆ అమ్మాయివి అన్నీ ఉన్నాయి, ఆరో తరగతిది తప్ప. ఆ ఏడు అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో చదివిందట. నెట్ సెంటర్లో ఎక్కించేటప్పుడు ఆ ఒక్క కాగితం తప్పిపోయింది. నా పక్కన కంప్యూటర్ ఆపరేటర్‌గా కూర్చునే సునీతగారు, “సార్, ఇది వెనక్కి పంపేద్దామా?” అని అడిగారు. “వద్దులేమ్మా, ఫోన్ చేద్దాం” అన్నాను. ఆ మధ్యాహ్నం సర్వర్ మొరాయించి, వరండా నిండా జనం చేరారు. ఫోన్ సంగతి మరి గుర్తుకు రాలేదు.

నాలుగో రోజున ఆ అమ్మాయే వచ్చింది. భుజానికి సంచి, చేతిలో సర్టిఫికెట్లు పెట్టుకున్న నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు. ఫోన్ నాకు చూపిస్తూ, “సార్, పరిశీలనలో ఉంది అనే వస్తోందండీ. ఏమన్నా తక్కువైందా అండీ?” అంది. నేను అప్పుడు వేరే ఎవరిదో చూస్తున్నాను. తల తిప్పకుండానే, “తక్కువైతే మెసేజ్ వస్తుందమ్మా. రాలేదంటే బాగున్నట్టే. ఇంటికెళ్ళి చూసుకుంటూ ఉండు” అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు ఆ క్షణాన తెలియదు. నెంబరు అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకాస్త ధైర్యం చేసి, తనకి మెకానికల్ కావాలని, వాళ్ళ నాన్న ఆటోనగర్లో లారీల కింద ఉండే కమాన్‌కట్టలు బిగించే పని చేస్తాడని, ఈ కాలేజీ అయితే పటమట నుంచి బస్సులో వచ్చి వెళ్ళవచ్చని చెప్పింది. హాస్టల్లో పెట్టి చదివించడం కుదరదని ఇంట్లో ముందే చెప్పేశారట. మెకానికల్ అడిగే ఆడపిల్లలు మాకు అరుదు. నాకు ముచ్చటేసింది. “అయితే నా సెక్షన్‌కే వస్తావన్నమాట” అని నవ్వాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నెంబరు మాత్రం అప్పుడూ అడగలేదు.

చీటీలో తక్కిన ఆరూ ఈలోపు తెమిలిపోయాయి. ఒకరి మేనమామ మా ఆఫీసు సూపరింటెండెంటుకి స్నేహితుడు. ఇంకొకరి తండ్రి వన్ టౌన్లో పెద్ద వ్యాపారి, ఆయన గుమస్తా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, పని అయ్యేదాకా కదల్లేదు. అలా ఎవరో ఒకరు వచ్చి ఫలానా దరఖాస్తు తెరవండి అనడం, నేను తెరిచి పని పూర్తిచేయడం, చీటీ మీద ఆ నెంబరు కొట్టివేయడం. ఈ అమ్మాయికి అలా అడగవచ్చని తెలియదు. నా మాట నమ్మి ఇంటికి వెళ్ళింది.

ఆప్షన్ల గడువు ముగిసిన మర్నాడు ఉదయం తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పనిలోంచి అలాగే లేచి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద గ్రీజు మరకలు. “పొద్దస్తమానం ఫోన్లో అదే చూసుకుంటా కూర్చుందండీ. అన్నం తినేటప్పుడు కూడా అదే. ఇయ్యాల చూస్తే గడువైపోయిందని వస్తోందంట. ఒక్కసారి చూడండి సార్” అన్నాడు.

అప్పుడు అడిగాను నెంబరు. దరఖాస్తు తెరిచాను. రిమార్కుల గడిలో నేను రాసిన వాక్యమే ఉంది, ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్ జతచేయాలి అని. కింద నా లాగిన్ పేరు, తేదీ. నాకు తల కొట్టేసినట్టయింది. “ఆరో తరగతి సర్టిఫికెట్ ఉందా అమ్మా?” అన్నాను. భవాని నీలం ఫైలు విప్పి, వెతుక్కునే పని కూడా లేకుండా తీసి నా ముందు పెట్టింది. రెండుసార్లు నా ఎదట నిలబడినప్పుడూ అది ఆ ఫైల్లోనే ఉంది.

“అడిగితే ఇచ్చేదాన్ని కదండీ” అంది.

నేను లేచి పక్క గదిలోకి వెళ్ళి కోఆర్డినేటర్ గారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. అంతా విని, “మాస్టారూ, అభ్యర్థి తప్పు లేదు, ఆఫీసరు పొరపాటు అని మీరు రాసిస్తే పైకి పంపుతాను. సాయంత్రంలోగా పంపితే ఆ అమ్మాయికి ఆప్షన్లు మళ్ళీ తెరిచినా తెరుస్తారు. మాట మాత్రం ఇవ్వలేను. మీకు మెమో రావచ్చు, అది కూడా చూసుకోండి” అన్నారు. మెమో అంటే సంజాయిషీ అడుగుతూ ఇచ్చే కాగితం. సర్వీసు రిజిస్టర్లో నాకు అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇంకో రెండేళ్ళలో పెన్షన్ కాగితాలు కదలాలి. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఆలోచించడానికి నిజానికి ఏమీ లేదు. రాయకూడదని అప్పటికే అనుకున్నాను.

తిరిగి వచ్చి కూర్చుని, మానిటర్ కొంచెం నా వైపు తిప్పుకుని, “సిస్టమ్‌లో ఏదో ఇబ్బంది వచ్చిందండీ. రెండో విడతలో తప్పకుండా చూద్దాం” అని చెప్పాను. సునీతగారు కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయారు. భవాని నన్నే చూస్తోంది. తండ్రి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, “సారేం చేస్తారమ్మా, సిస్టమ్‌లో అట్టా వస్తే” అని, నాకు దణ్ణం పెట్టి, “మీరు ఇంత శ్రమ తీసుకున్నారు, శానా సంతోషమండీ” అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఎంతోమంది దణ్ణాలు పెట్టారు. అదొక్కటీ ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ సర్టిఫికెట్ ఆ గంటలోనే ఎక్కించి ఆమోదించాను. రెండో విడతలో ఆ అమ్మాయి అందరికన్నా ముందు ఆప్షన్లు పెట్టింది. కానీ మొదటి విడతలోనే మా కాలేజీలో మెకానికల్ నిండిపోయింది. ఆ అమ్మాయికన్నా వెనక ర్యాంకు వచ్చినవాళ్ళు చేరారు, వాళ్ళకి ఆ తర్వాత నేనే పాఠాలు చెప్పాను. భవానికి వేరే జిల్లాలో సీటు వచ్చింది. చేరాలంటే హాస్టలే దిక్కు.

సీటు వచ్చినవాళ్ళు వారంలోగా ఆ కాలేజీకి వెళ్ళి రిపోర్ట్ చేయాలి. ఆ వారమంతా నేను నా లాగిన్‌లో ఆ దరఖాస్తు తెరిచి చూస్తూ ఉన్నాను. పొద్దున టీ తాగుతూ ఒకసారి, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఒకసారి, సాయంత్రం బయల్దేరబోతూ మరోసారి. ప్రతిసారీ అదే మాట, రిపోర్ట్ చేయలేదు అని. మార్పేమీ ఉండదని తెలిసి కూడా పేజీని మళ్ళీ మళ్ళీ తెప్పించుకునేవాణ్ణి. దరఖాస్తులో తండ్రి ఫోన్ నెంబరు ఉంది. చేసి ఏం చెప్పాలో తెలియక చేయలేదు. ఎనిమిదో రోజున సీటు రద్దయినట్టు వచ్చింది. ఆ తర్వాత భవాని ఏం చదివిందో, అసలు చదివిందో లేదో నాకు తెలియదు.

మరుసటి ఏడు కూడా అదే డ్యూటీ పడింది. ఈసారి చీటీ పెట్టుకోలేదు. లోపం కనబడిన దరఖాస్తుని కనబడిన నిమిషంలోనే కారణం రాసి వెనక్కి పంపాను. మొదటి సాయంత్రమే జిల్లాలో అందరికన్నా ఎక్కువ వెనక్కి పంపిన కేంద్రంగా మా పేరు చదివారు, నాకు చురకలు పడ్డాయి. పిల్లలు మాత్రం మెసేజ్ చూసుకుని మర్నాటికల్లా కాగితాలు తెచ్చి ఇచ్చారు. కౌంటర్ దగ్గరికి వచ్చి అడిగినవాళ్ళకి, నెంబరు కొట్టి తెర చూడకుండా జవాబు చెప్పలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. పరిశీలనలో ఉంది అని వెబ్‌సైట్ చూపిస్తే, ఎవరో తన దరఖాస్తు చూస్తున్నారని విద్యార్థి నమ్ముతాడు. ఆ జూలైలో భవాని పదకొండు రోజులు అలాగే నమ్మింది. ఆ పదకొండు రోజులూ దాన్ని ఎవరూ చూడలేదు. చూడవలసినవాణ్ణి నేనేనని ఆ తండ్రికి నేను చెప్పలేదు.