రెండడుగులు వెనక్కి

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. సింహాచలం కొండెక్కి అప్పన్న ఎదుట నిలబడి ఏవేవో కోరికలు కోరుకుని దిగొచ్చాను గాని, ఇది మాత్రం నోటికి రాలేదు. గుండెల మీద కుంపటి పెట్టుకున్నట్టే బతికాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఓడల్లో దిగిన మిషన్ పెట్టెలను హార్బర్ నుంచి ట్రైలర్ల మీద అక్కడికి చేరవేసేవాళ్లం. అంతకుముందు మామూలు లారీ తోలాను గాని, ట్రైలర్ నాకు కొత్త. ఇప్పటి బళ్ల స్టీరింగు ఒక్క వేలితో తిప్పేస్తున్నారు. అప్పుడలా కాదు, బరువు మోస్తున్న ముందు చక్రాలను తిప్పాలంటే భుజాలు ఊడొచ్చేవి. మధ్యాహ్నం అన్నం కలపబోతే వేళ్లు వణికేవి. తోటి డ్రైవర్లు చూసి, రేపట్నుంచి మీ అమ్మని తెచ్చుకో, ముద్దలు పెడుతుంది అని ఆటపట్టించేవారు. నవ్వేసేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్లు మండిపోయేది.

సరుకెక్కించే కలాసీలకు మేస్త్రీ అప్పలస్వామి. చోడవరం వైపు రైతుబిడ్డ. చదువు లేదు. కానీ ఏ పెట్టె ట్రైలర్ మీద ఎక్కడ కూర్చోవాలో అతని కంటికి తెలుసు. పెట్టె దించగానే ముందుకొచ్చి, వంగి, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య అరచెయ్యి పెట్టి చూసేవాడు. ముందు చక్రాల మీద ఎంత, వెనక చక్రాల మీద ఎంత, అంతా ఆ చేత్తోనే తెలుసుకునేవాడు. సరిపోయిందనుకుంటే పెట్టె అంచు వెంబడి ట్రైలర్ చెక్కల మీద సుద్దతో గీత గీసేవాడు. అది పడ్డాక ఇంక ఎవరూ మారుమాట్లాడేవారు కాదు.

పెట్టె కాస్త వెనక్కి పెట్టిస్తే స్టీరింగు తేలికవుతుంది కదా అని ఒకరోజు అడిగాను. అతను తిట్టలేదు. చేతుల నొప్పి నెల్లాళ్లలో పోతుందని, ముందు బరువు తగ్గితే మాత్రం బండి మన మాట వినదని, నిదానంగా చెప్పాడు. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పి తప్పించుకోను.

రెండు రోజులాగి, అతను గీత గీసి కలాసీలతో కలిసి టీ తాగడానికి వెళ్లినప్పుడు, మేస్త్రీ రెండడుగులు వెనక్కి జరపమన్నాడని క్రేన్ ఆపరేటర్‌తో చెప్పాను. క్రేన్ తాళ్లు ఇంకా విప్పలేదు. ఆపరేటర్ జరిపేశాడు. పాత గీతను నా తువ్వాలుతో తుడిచాను. అప్పలస్వామి అక్కడే వదిలేసిన సుద్దముక్కతో కొత్త గీత గీశాను. బీడీ కాల్చేంత సేపు కూడా పట్టలేదు. అతను వచ్చాడు. వెనక ఇంకో ట్రైలర్ కాచుకుని ఉంది, మళ్లీ వంగి చూసే తీరిక లేదు. గీత చూసుకున్నాడు, పెట్టెకు గొలుసులు కట్టించి పొమ్మన్నాడు. ఫ్యాక్టరీ దగ్గర ఆ గొలుసులు విప్పడానికి అతని తమ్ముడు సింహాద్రి కేబిన్‌లో నా పక్కన ఎక్కాడు.

స్టీరింగు ఎంత హాయిగా తిరిగిందో. సింహాద్రితో కబుర్లాడుతూ తోలాను. గాజువాక దాటాక తుంపర మొదలైంది. పల్లంలో మలుపు. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు. బ్రేకు తొక్కితే వెనకనుంచి ట్రైలర్ తోసుకొచ్చింది. ఎడమవైపు రాతిగట్టుకు గుద్దుకున్నాం. ఎడమవైపు కూర్చున్నది సింహాద్రి. పెట్టె దొర్లి కిందపడింది, సుద్దగీత తుంపరకు చెరిగిపోయింది. అంతకుముందు అది ఎక్కడుందో చెప్పే ఆనవాలేదీ మిగల్లేదు.

పెద్దాసుపత్రి వరండాలో అప్పలస్వామి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. లోపల తమ్ముడి మీద గుడ్డ కప్పేశారు.

"బావా, నిజం సెప్పు. పెట్టె నాను ఎట్టిన సోటే ఉన్నాదా?"

"అక్కడే ఉన్నాది బావా."

"అయితే నా కన్నే తప్పినాది."

ఆ ఒక్కమాట దగ్గర ఆగిపోయాను నేను. ఎందుకలా చెప్పాను? పోలీసులకు భయపడ్డానా, ఉద్యోగం పోతుందనా, లేక అన్నం కలుపుకోలేని డ్రైవరని మళ్లీ నవ్వుతారనా? ఎన్నిసార్లు తవ్వి చూసినా చివరికి తేలేది ఆ మూడోదే. అంత చిన్న సిగ్గు కోసం. క్రేన్ ఆపరేటర్‌ని ఎవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే అడగక ముందే అప్పలస్వామి తప్పు తనదేనని అందరిముందూ ఒప్పేసుకున్నాడు.

తర్వాత అతను మేస్త్రీ పని మానేశాడు. సింహాద్రి పెళ్లాం తన బావగారైన అప్పలస్వామి మొహం చూడడం మానేసిందని, ఆ గుమ్మంలోకి అతన్ని రానివ్వలేదని విన్నాను. నాలుగేళ్లకు పూర్ణా మార్కెట్‌లో కనిపించాడు. మూటలు మోస్తున్నాడు. తప్పించుకుపోదామనుకున్నాను, ఈలోపే చూసేశాడు. మూట దించి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తన వల్ల ఆరోజు నేనూ పోవలసినవాణ్ణని, నా పెళ్లాం బిడ్డలకు అన్యాయం జరిగిపోయేదని, మన్నించమని అడిగాడు.

పోనీలే బావా, మనసులో పెట్టుకోకు అన్నాను. భుజం తట్టాను కూడా. ఆ మొహం తేటపడడం చూశాను. నేను అతన్ని మన్నించాను. అర్థమవుతోందా మీకు, నేను అతన్ని మన్నించాను.

నిరుడు పోయాడు. సింహాద్రి పెళ్లాం శవాన్ని చూడడానికి కూడా రాలేదట. ఆవిడ ఇంకా ఉంది. వీధి తెలుసు, ఇల్లు తెలుసు. రెండుసార్లు ఆ వీధి మొదటిదాకా వెళ్లి తిరిగొచ్చేశాను. మూడోసారి వెళతానని మీకు మాటివ్వలేను, నా మాటకు విలువెంతో ఇప్పుడు మీకూ తెలుసు.

అప్పలస్వామి కన్ను ఏనాడూ తప్పలేదు. పెట్టె జరిపించింది నేను. రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.