మిస్డ్ కాల్ చిన్నక్క

చిన్నక్కను నేను మొదటి రోజే అనుమానించాను. నాకది అలవాటు. ఇల్లందు బస్టాండ్ వెనక సందులో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. బట్ట తక్కువ తెచ్చి, మిగిలింది నేను దాచుకున్నానని పోట్లాడేవాళ్లను చూసీ చూసీ, మనిషి నోరు తెరవగానే వెనక ఏముందో వెతకడం నేర్చుకున్నాను. అంజుమ్ టైలర్ దగ్గర కుట్టు బాగుంటుంది, మాటే బాగుండదు అంటారు. అననీ.

ఆమె రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చి నా షాపు ముందు బెంచీ మీద కూర్చునేది. వాళ్ల గూడెం అడవి అంచున ఉంది, అక్కడ సిగ్నల్ రాదు. చేతిలో చర్చివాళ్లు ఇచ్చిన పెద్ద ఫోను. "కూసుంటా అంజుమ్ బీ" అని మొదటిరోజు చెప్పింది. అడగలేదు, చెప్పింది. అది కూడా నాకు నచ్చలేదు.

"ఎవలకు చేస్తవ్ ఇన్ని ఫోన్లు?" అన్నాను.

"మిస్డ్ కాల్ ఇచ్చినోళ్లకు. వాళ్ల బాధ చెప్తరు, మేం ప్రార్థన చేస్తం."

"ఉత్తగనే?"

"అవ్, ఉత్తగనే."

ఈ సందులో ఉత్తగా ఎవరూ ఎవరికీ సూదిలో దారం కూడా ఎక్కించరు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లకు గాలం వేయడానికే ఈ బెంచీ ఎంచుకుందని తేల్చుకున్నాను. వారం రోజులు మిషన్ ఆపి మరీ ఆమె మాటలు విన్నాను. విన్నకొద్దీ ఆమె సంగతులు కొన్ని తెలిశాయి.

ఎండాకాలం తునికాకు కోసేది, మిగతా రోజుల్లో పత్తి ఏరేది. భర్త దస్రు జ్వరంతో పోయినప్పుడు పది రోజులు ఇంట్లో పక్కన కూర్చున్నది ప్రార్థన మందిరం వాళ్లేనట. అక్కడే, ముప్పై దాటాక, అక్షరాలు నేర్చుకుంది. ఆ మందిరం నలభై మంది పట్టే రేకుల షెడ్డు. లాక్‌డౌన్‌లో దానికి తాళం పడితే పాస్టరుగారి అల్లుడు నాని ఆదివారం ప్రార్థనను లైవ్ పెట్టాడు. లాక్‌డౌన్ పోయినా లైవ్ పోలేదు. చానల్ పెట్టాడు, ఫేస్‌బుక్‌లో ప్రకటన వేశాడు. మీ కష్టం మాతో చెప్పుకోండి, ఒక్క మిస్డ్ కాల్ చాలు అని. కాల్స్ వచ్చి పడ్డాయి. అందరికీ తిరిగి చేయడానికి ఓపికున్న మనిషి కావాలి. తెలుగు, కోయ, లంబాడీ మూడూ మాట్లాడే చిన్నక్క చేతికి ఫోనిచ్చారు.

మూడు భాషలు వచ్చినా మొదటి ముక్క దాటడమే కష్టంగా ఉండేది. "ఓటీపీ అడుగుతవా?" అనేవాడొకడు. "ఏ లోను కంపెనీ నీది?" అనేది ఇంకొకామె. పోలీసులకు నంబరిస్తామని బెదిరించేవాళ్లు సరేసరి. చిన్నక్క కోపం తెచ్చుకునేది కాదు. "ఏం కూర వండినవ్ బిడ్డా?" అని అడిగేది. డబ్బులు గుంజేవాడెవడూ కూర సంగతి అడగడు కదా, అవతలివాళ్లు తడబడి చెప్పేసేవారు. బెండకాయ దగ్గర మొదలైన మాట కాసేపటికి ఏడుపు దగ్గరికి చేరేది. నాకు నవ్వొచ్చేది. నవ్వొచ్చినంత మాత్రాన నమ్మకం కుదిరినట్టు కాదు.

అట్లా తగిలిందే సుజన. తల్లాడ దగ్గర ఊరు, భూములున్న ఇల్లు. నా మిషన్ చప్పుడుకు వినపడదని చిన్నక్క స్పీకర్ పెట్టేది కాబట్టి ఆమె గొంతు నాకూ బాగా తెలుసు. మాట సగంలో మింగేసే గొంతు. భర్త వెంకటనారాయణ ఊళ్లో మర్యాదస్తుడు, ఇంట్లో చెయ్యి చేసుకునేవాడు. రెండు వారాలు కూరల గురించే మాట్లాడి, ఒక శుక్రవారం అసలు సంగతి బయటపెట్టింది.

"వచ్చే గురువారం ఆయన మిర్చి లోడుతో ఖమ్మం యార్డుకి వెళ్తాడండి. ఆ పూట నేను మధిరలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతా. మళ్లీ రాను. గడప దాటేదాకా నాకు ధైర్యం ఉండాలని ప్రార్థన చెయ్యండి. మీరు మాత్రం ఫోన్ చెయ్యకండి. నేను మిస్డ్ కాల్ ఇస్తేనే చెయ్యండి."

చిన్నక్క బెంచీ మీదే కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నా మటుకు నేనూ లోపల దువా చేశాను. ఆమెకు చెప్పలేదు.

సోమవారం పొద్దున మా టైలర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పడేశారు. 'భర్త చేతిలో నరకం! ఒక సహోదరి కన్నీటి కాల్' అని ఎర్రక్షరాలు. ఎవరో ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ, వెనక సన్నగా సంగీతం. నొక్కాను. సుజన గొంతు! గురువారం, మిర్చి లోడు, మధిర అక్క, అన్నీ ఉన్నాయి. పేరొక్కటే లేదు. చివర్లో, మీకూ ప్రార్థన కావాలంటే మిస్డ్ కాల్ ఇవ్వండి అని నంబరు.

నా ఒళ్లు మండిపోయింది. రెండింటికి చిన్నక్క రాగానే ఫోన్ తీసి ముఖం ముందు పెట్టాను.

"ఇందుకేనా బిడ్డా బిడ్డా అని మాట్లాడింది? దాని ఏడుపు ఊరంత తిప్పిండ్రు గదా!"

ఆమె చివరిదాకా విన్నది. ముఖంలో నెత్తురు లేదు. "నేను పెట్టలే అంజుమ్ బీ. పెట్టుడు నాకు రాదు."

"ఫోన్ నీ చేతిలనే ఉండె గదా?"

ఇద్దరం కలిసి ఆ ఫోన్ అంతా వెతికాం. చేసిన ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యేటట్టు పెట్టి ఉంది. నాలుగు వందలకు పైగా గొంతులు అందులో ఉన్నాయి. అవి నాని చేతికి ఎట్లా చేరుతున్నాయో మా ఇద్దరికీ అర్థం కాలేదు. తనకేమీ తెలియదని చిన్నక్క అంది. నేను నమ్మలేదు. దాపరికం ఎందుకు, ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

నా ముందే నానికి ఫోన్ చేసింది.

"అక్కా, చూసినవా? ఒక్క రోజుల ఎనిమిది వేల మంది చూసిండ్రు! అరవై కొత్త కాల్స్ వచ్చినయ్," అన్నాడు వాడు. గొంతులో నిజమైన సంతోషం. మోసగాడైతే ఇంత భయపడేదాన్ని కాదు.

"తీసెయ్ నానీ."

"పేరు చెప్పలేదు గదక్కా. గసొంటి బాధలున్నోళ్లు ఇంకో పదిమంది మన దగ్గరికి వస్తరు."

"పెండ్లాం గొంతు మొగుడు గుర్తుపట్టడా? తీసెయ్ అంటున్న."

"పాస్టరయ్యగారిని అడిగి సాయంత్రం..."

"ఇప్పుడు!" అని అరిచింది. చిన్నక్క అరవగా నేను విన్నది అదొక్కసారే.

అరగంటకు తీశాడు. కానీ జనం అప్పటికే దించుకుని పంపుకుంటున్నారు. అది వెంకటనారాయణ ఫోన్‌లోకి ఇవాళ పోతుందా, రేపు పోతుందా అన్నదే మిగిలింది. సుజనకు చెప్పాలి. ఫోన్ చెయ్యొద్దంది. చేస్తే, వాడు ఎత్తితే?

అప్పుడు నాకు తట్టింది. ఏ ఇంటికైనా ఫోన్ చేసి ఇంట్లో ఆడమనిషిని పిలవమనగల మనిషి ఒకతుంది. జాకెట్లు కుట్టేది.

సుజన నంబరుకు నా ఫోన్ నుంచి చేశాను. మగగొంతు పలికింది. "ఎవరు?"

"తల్లాడ నుంచి సార్, టైలర్‌ను. మేడమ్ జాకెట్లు అయినయ్. ఇయ్యాల్నే తీస్కపోవాలె, రేపటి సంది షాపు బంద్."

"జాకెట్లు ఇచ్చినట్టు నాకు చెప్పలేదే."

"జాకెట్ల సంగతి గూడ మీకు చెప్తరా సార్?"

నాలుక కరుచుకున్నాను. చిన్నక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అవతల ఏదో గొణుగుడు. తర్వాత, "సుజనా, ఎవరో టైలరంట," అని కేక. చిన్నక్క ఫోన్ లాక్కుంది.

"నేను బిడ్డా, చిన్నక్కను. నువ్వు చెప్పిన మాటలన్నీ రికార్డయి బయటికి పోయినయ్. గురువారం సంగతి గూడ. తప్పు మాదే. గురువారం దాకా ఆగకు, ఇయ్యాల్నే పో."

నేను చెవి ఆనించి వింటున్నాను.

"హుక్కులు వేశారా?" అంది సుజన. గొంతు కొంచెమైనా వణకలేదు. "వెయ్యకపోయినా ఫర్వాలేదండి, నేను కుట్టుకుంటా. ఇప్పుడే బయల్దేరుతున్నా." తర్వాత అటు తిరిగి, "తల్లాడే కదా, గంటలో వచ్చేస్తా," అని అతనితో చెప్పడం వినిపించింది.

ఆ మధ్యాహ్నం నేను ఒక్క కాజా కుట్టలేదు. చిన్నక్క చర్చి ఫోన్‌లో రికార్డింగులు ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చుంది. అన్నీ ఒకేసారి చెరపొచ్చని చూపించాను, వద్దంది. ఒక్కో నంబరు మీద వేలు పెట్టి, ఆ మనిషి పేరు అనుకుని, అప్పుడు చెరిపేది. పశ్చాత్తాపంతో చెరుపుతోందా, సాక్ష్యం లేకుండా చేస్తోందా అని నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యను, నా బుద్ధి అంతే.

ఆరున్నరకు నా ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"చేరానండి," అంది సుజన. "అక్క ఇంట్లో ఉన్నా, ఇది అక్క ఫోను. బస్సులో ఆ వీడియో నా ఫోన్‌లోకి కూడా వచ్చింది. మా తోడికోడలు పంపింది, ఎవరో పాపం అని."

నా కళ్లు నిండాయి. "చిన్నక్క ఈడనే ఉన్నదమ్మా, ఇస్తున్న..."

"వద్దు. ఆమెకివ్వకండి." అంది. "ఒక్కటే చెప్పండి. ఇంక నా పేరు ఎవరి దగ్గరా తియ్యొద్దని చెప్పండి. దేవుడి దగ్గర కూడా వద్దు."

పెట్టేసింది. చిన్నక్క చాచిన చెయ్యి అట్లాగే ఉంది.

"చేరిందట," అన్నాను.

రెండో మాట కూడా చెబుదామనే ఉన్నాను. ఈలోపే ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. బెంచీ దిగి, సందులో నేల మీదే మోకాళ్లూని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నా బిడ్డ సుజన..." అని మొదలుపెట్టింది. గట్టిగా, పేరు పెట్టి. దారిన పోయేవాళ్లు ఆగి వింటున్నారు. నేను ఆపలేకపోయాను.