మనవాళ్ళకు మాత్రమే సార్

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా పక్కింటి ఇంద్రజకు ఆఫీసులో ఇద్దరు పైవాళ్ళు. డైరెక్టర్ మార్గరెట్‌ను అందరూ మార్గరెట్ అనే పిలుస్తారు. ఆవిడ కింద మేనేజర్‌గా ఉన్న శ్యామ్‌సుందర్‌ను మాత్రం తెలుగువాళ్ళు సార్ అనాలి. అమెరికన్లు శ్యామ్ అని కేకేస్తే ఎంచక్కా పలుకుతాడు. అదే మాట మనవాళ్ళు అంటే మొహం మాడ్చుకుంటాడు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంద్రజ సార్, మేడమ్ అన్న మనిషే. ఇక్కడికొచ్చిన కొత్తలో మార్గరెట్‌ను పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చింది. తీరా అలవాటు పడ్డాక ఈ శ్యామ్‌సుందర్ దిగాడు. వచ్చిన వారంలోనే తెలుగువాళ్ళను లంచ్ రూమ్‌లో కూర్చోబెట్టాడు.

"వాళ్ళు శ్యామ్ అంటారు, అది వాళ్ళ కల్చర్. మనకంటూ ఒక పద్ధతి ఉంది కదమ్మా!"

ఆ పద్ధతి ఒకవైపే నడిచింది. వయసులో తనకంటే పెద్దదైన ఇంద్రజను అతను "నువ్వు" అనేవాడు. "గారు అంటే చాలదా అండీ?" అని ఆమె ఒకసారి అడిగితే వినిపించుకోనట్టు ఊరుకున్నాడు. సార్ అన్న పాపానికి అతని అత్తమామలను ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకురావడం, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో అతనికి ప్లేటు వడ్డించి ఇవ్వడం కూడా ఆమె నెత్తిన పడ్డాయి. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

"ఎందుకమ్మా పడతావు?" అని అడిగాను.

"గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు కదా ఆంటీ. జాబ్ పోతే వీసా పోతుంది. మా అమ్మాయి దియ ట్వెల్త్‌లో ఉంది, ఇప్పుడు దాన్ని ఎక్కడికని తీసుకెళ్ళను?"

ఈ మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, కొన్ని క్లినిక్‌లు వాడే సర్వర్లను అప్‌గ్రేడ్ చేయమన్నాడు శ్యామ్‌సుందర్. శుక్రవారం అలాంటి పని పెట్టుకోకూడదని వాళ్ళ రంగంలో అందరికీ తెలుసు. తేడా వస్తే వారాంతంలో సరిచేసే మనిషి దొరకడు.

"మండే చేద్దాం సార్," అంది ఇంద్రజ.

"చెప్పింది చెయ్," అన్నాడు స్పీకర్ ఫోన్‌లో. పక్క సీట్లోని ఫణి కూడా విన్నాడు.

అనుకున్నంతా అయింది. శనివారమంతా ఆ క్లినిక్‌లలో కంప్యూటర్‌లో ఒక్క అపాయింట్‌మెంట్ కూడా తెరుచుకోలేదు. సోమవారం మీటింగ్‌లో, శుక్రవారం చేయాలన్న నిర్ణయం ఎవరిదని మార్గరెట్ అడిగింది. "ఇంద్రజది," అన్నాడు శ్యామ్‌సుందర్, కళ్ళు కూడా ఆర్పకుండా.

ఇంద్రజ ఫణి వైపు చూసింది. అతను తల దించుకుని లాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. సార్ అన్న మనిషిని నలుగురిలో కాదనకూడదన్నది మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోసిన మర్యాద. ఆ మర్యాద కోసం నోరు మూసుకుంటే ఉద్యోగమే పోయేది.

"శ్యామ్, దట్ ఈజ్ నాట్ ట్రూ. ఐ సెడ్ మండే. యు సెడ్ ఫ్రైడే."

మార్గరెట్ అతని వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. మేమిద్దరం కలిసే మాట్లాడుకున్నామంటూ నీళ్ళు నమిలి, చివరికి తనే చేయమన్నట్టు ఒప్పుకున్నాడు. ఇంద్రజ ఉద్యోగం నిలిచింది. అతనికి ఓ చిన్న మందలింపుతో సరిపోయింది.

పార్కింగ్ లాట్‌లో ఫణి వచ్చి, "సారీ అక్కా, నేనూ విన్నాను. కానీ సార్ ముందు ఎలా చెప్పను?" అన్నాడు.

అంతలోనే శ్యామ్‌సుందర్ ఊగిపోతూ వచ్చాడు. ఆమె పొట్ట కొట్టబోయినందుకు క్షమాపణ అడుగుతాడేమో అనుకున్నారా?

"అంతమందిలో నన్ను పేరు పెట్టి పిలుస్తావా? నా పరువేం కావాలి?"

ఇంద్రజ కారు తలుపు తెరిచి పట్టుకుని, అతన్ని నిలువునా చూసింది.

"మీ నోట్లోంచి అబద్ధం వస్తే పోని పరువు, నా నోట్లోంచి మీ పేరు వస్తే పోయిందా, శ్యామ్‌సుందర్ గారూ?"