ఓటు వేయనివాడు వేసిన ఓటు

వేరుశనగ గింజలో సగం కూడా ఉండదు ఆ సున్నా. దాన్ని నల్ల సిరాతో నింపడానికి నాకు పట్టింది మూడు క్షణాలు. దాని బరువు మోయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. అలాగని కుంగిపోయాననుకోకండి. ఈ తొమ్మిదేళ్లలో హాయిగా నవ్వాను, తిన్నాను, ఉపన్యాసాలిచ్చాను, కాస్త ఒళ్లు కూడా చేశాను. చెప్పులో రాయి పడ్డవాడు కూడా ఊరంతా తిరిగొస్తాడు. కాకపోతే ఏ అడుగునూ మరిచిపోలేడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరు నన్ను నమ్మాల్సిన అవసరం లేదు, క్షమించాల్సిన అవసరమూ లేదు. వింటే చాలు.

నా పేరు చెప్పను. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్ పని, ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ గదిలో మా చర్చావేదిక. కాలేజీ రోజుల్లో హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. సముద్రం దాటినా గొంతు తగ్గలేదు. ఇంటి కాగితాల మీద సంతకానికి ముహూర్తం పెట్టించుకునే ఇంజనీర్లను ఉతికాను. వీసా ఇంటర్వ్యూకి ముందు నూటెనిమిది ప్రదక్షిణలు చేసే డాక్టరేట్లను ఆరేశాను. ఆ తర్వాత నాకు ఇంకో దేవుడు కనిపించాడు. ప్రభుత్వం. నాలుగేళ్లకోసారి దేశమంతా వరసలో నిలబడి ఆ దేవుడికి హారతి ఇస్తుంది, దాని పేరు ఓటు అని రాశాను. నేను స్వేచ్ఛావాదిని. మనిషి తనకు తానే యజమాని, మరొకడు కాదు, మెజారిటీ కూడా కాదు. ఇద్దరిలో తక్కువ చెడ్డవాణ్ణి ఎంచుకోమంటారు. రెండు గిన్నెల్లోనూ పప్పు పాచిపోతే తక్కువ కంపు కొట్టేది వడ్డించుకుంటామా? ఆ పూటకి పస్తుంటాం. పైగా కోట్ల ఓట్లలో ఒక ఓటు ఇసుక రేణువు. దానికి విలువ లేదు.

తొమ్మిదేళ్ల కిందట, అధ్యక్ష ఎన్నికలకు నెల ముందు "నేను ఎందుకు ఓటు వేయను" అని పెద్ద వ్యాసం రాశాను. చివర్లో ఒక చిన్న మాట చేర్చాను: వేయకుండా ఉండలేని బలహీనులు మూడో పార్టీకి వేయండి, కనీసం రెండు పెద్ద పార్టీల కళ్లలో ఇసుకైనా పడుతుంది. మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. చర్చావేదికలో ఒక పెద్దాయన మాత్రం, "ఓటే వెయ్యనప్పుడు సిటిజన్‌షిప్ ఎందుకయ్యా నీకు, గ్రీన్ కార్డ్ దగ్గరే ఆగిపోవాల్సింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మనసు ఎంత తేలిగ్గా ఉండేదో అప్పుడు.

ఆ వ్యాసంలో మొదటి వాక్యం: "ఈసారి నేను ఓటు వేయడం లేదు." అచ్చయిన వారానికే అది అబద్ధమైపోయింది. నేను ఓటు వేశాను. నాది కాదు. మా అత్తగారిది.

మా అత్తగారు గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, మాతో ఉండటానికి వచ్చి అప్పటికి ఆరేళ్లు. ఆ ఏడాది వసంతంలోనే ఆమెకు పౌరసత్వం వచ్చింది. అమెరికాలో ఆమెకది మొదటి ఓటు. అక్కడ గుంటూరులో మాత్రం ఎన్నికలు ఆమెకు కొత్త కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ తప్పలేదు. ఎన్ని ఊళ్లలో, ఎంతమంది వేళ్లకు సిరా చుక్క పెట్టి ఉంటారో లెక్కలేదు. ఆ శరదృతువులో మోకాళ్లు లేవనివ్వడం లేదని పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకున్నారు. అది వచ్చిన వారమే కంట్లో శుక్లాలకు ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు, గంటకోసారి చుక్కల మందు, అక్షరం కనపడదు. మా ఆవిడ ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉంది.

మన ఇళ్లలో ఒక అలవాటుంది, గమనించే ఉంటారు. ఎవరు ఒకసారి ఫారం నింపితే, వాళ్లే జీవితాంతం అందరి ఫారాలూ నింపుతారు. వీసా, ఇన్సూరెన్స్, టాక్స్, పిల్లల స్కూలు, అన్నీ. మా ఇంట్లో ఆ పెన్ను నాది. కాబట్టి బ్యాలెట్ కవరు కూడా, ఎవరూ అడక్కుండానే, నా ముందుకు వచ్చింది. ఇక్కడ ముద్ర గుద్దడం ఉండదు, ఎంచుకున్న పేరు పక్కనున్న చిన్న సున్నాని పెన్నుతో నింపాలి.

"అల్లుడుగారూ, పేర్లు వరసగా చదవండి" అన్నారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని. "వ్యాఖ్యానం వద్దు."

రెండు పేర్లు చదివాను. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు. "ఈ పార్టీ గురించి ఒక్క ముక్క చెప్పాలి అత్తయ్యగారూ. వీళ్లేమంటారంటే..."

"పోలింగ్ బూత్‌లో ప్రచారం నేరం. వంద మీటర్లు అవతలికి వెళ్లి చెప్పుకోండి."

"ఇది మన డైనింగ్ టేబులండి."

"బ్యాలెట్ ఎక్కడుంటే అదే బూత్. ఒకసారి ఒక ఊళ్లో ఒకడు వాళ్లమ్మని పట్టుకొచ్చాడు. మా అమ్మకేం తెలీదు మేడమ్, నేను గుద్దేస్తానన్నాడు. బయటికి నడవరా అన్నాను. ఆవిడ లోపల పావుగంట నిలబడి తీరిగ్గా గుద్దుకుని వచ్చింది. బయట వాడి మొహం చూడాలి మీరు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె ఒక పేరు చెప్పారు. పెద్ద పార్టీల ఇద్దరిలో ఒకరు.

"ఎందుకండీ ఆ మనిషి?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"డిబేట్లన్నీ చూశాగా. సౌండ్ తీసేసి చూశాను."

"సౌండ్ లేకుండానా?"

"ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని చూశానండీ. మాటలు వింటే ఎవడు కోతలు కోస్తున్నాడో తెలీదు. చేతులు చూడాలి. ఆ రెండో మనిషి చేతులు నాకు నచ్చలేదు. నింపండి. గీత దాటనివ్వకండి."

చేతులు. ఒక దేశపు అధ్యక్షుణ్ణి చేతులు చూసి ఎంచుకోవడం. హస్త సాముద్రికం చెప్పేవాళ్లను వేదికలెక్కి ఎండగట్టినవాణ్ణి నేను. నా ఇంట్లో, నా పెన్నుతో, నా చేత్తోనే ఆ మూఢనమ్మకాన్ని కాగితం మీద పెట్టమంటున్నారు. కోపం వచ్చింది. పెద్ద కోపం కాదు. తప్పు లెక్క చూసిన మాస్టారికి వచ్చే చిన్న కోపం. సరిదిద్దాలనిపించే కోపం.

మూడో పేరు పక్కన సున్నా నింపాను.

చెయ్యి జారలేదు. కన్ను తప్పలేదు. ఆమె నల్లద్దాల వెనక కళ్లు మూసుకుని, నాకెదురుగా, రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు.

"నింపారా?"

"నింపానండి."

చూడండి, అది అబద్ధం కూడా కాదు. ఆ నిమిషంలో కూడా మాటను అంత జాగ్రత్తగా ఎంచుకున్నాను. తలుచుకుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసేది ఆ జాగ్రత్తకే. కవరు మీద సంతకం ఎక్కడ పెట్టాలో ఆమె వేలు పట్టుకుని చూపించాను. అప్పట్లో కింద సాక్షి సంతకం కూడా కావాలి. అదీ నేనే పెట్టాను. దొంగతనానికి దొంగే సాక్షి.

వీధి చివర పోస్ట్ డబ్బా దాకా ఎర్రటి ఆకుల మీద నడిచి వెళ్లాను. డేటా సెంటర్ల హోరు అవతల నుంచి వినిపిస్తోంది. నేను ఈల వేస్తున్నాను. నిజం. ఆ మధ్యాహ్నం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ సంతోషం నాలుగు రోజులుంది. ఐదో రోజు ఆదివారం. వేదిక మీద అలవాటుగా "ఒక ఓటుకి విలువ లేదు" అన్నాను. అన్నాక నాకే తట్టింది. విలువ లేని వస్తువును ఎవడైనా దొంగిలిస్తాడా? ఇసుక రేణువు కోసం ఆపరేషన్ అయిన కళ్లను మోసం చేస్తాడా? అంతమంది ప్రత్యర్థులు ఇన్నేళ్లలో పడగొట్టలేని నా వాదాన్ని నేనే, ఒక పెన్నుతో, డైనింగ్ టేబుల్ మీద పడగొట్టాను. అది వాళ్లెవరికీ తెలియదు. ఆ రోజు చప్పట్లు బాగానే పడ్డాయి.

సాకులు వెతక్కపోలేదు. ఆ ఒక్క ఓటుతో ఫలితం మారలేదు. మారలేదు, ఒప్పుకుంటాను. అయితే? పొలంలో ఒక్క వెన్ను కోసుకుపోతే దిగుబడి మారదు. అలాగని ఆ పొలం, కోసుకుపోయినవాడిదీ అయిపోదు. మరి ఆమె కారణం మూఢం కదా? కావచ్చు. కానీ మనిషి తనకు తానే యజమాని అని రాసినప్పుడు, తెలివైన కారణాలున్న మనిషి మాత్రమే అని నేను రాయలేదు. ఇదే పని ఏ ప్రభుత్వమో చేసి ఉంటే, ప్రజలకు తెలియదు, వాళ్ల మంచి మాకు తెలుసు అని, ఎన్ని పేజీలు నిప్పులు కురిపించేవాణ్ణి? నేను రోజూ తిట్టిపోసే పాలకుడు నా వంటగది పక్కనే కూర్చుని ఉన్నాడు. నా చొక్కా వేసుకుని.

నా అభిప్రాయం మార్చుకున్నాననుకోకండి. ఇప్పటికీ ఓటు వేయను. నా ఓటు వేయకుండా ఉండే హక్కు నాది. కానీ అది నా ఓటుతోనే అయిపోతుంది. ఈ చిన్న వాక్యం నేర్చుకోవడానికి ఒక హెడ్‌మిస్ట్రెస్ ఓటు ఖర్చయింది.

బ్యాలెట్‌తో పాటు వచ్చిన "ఓటు వేశాను" స్టికర్‌ని ఆమె మాత్రల డబ్బా మీద అంటించుకున్నారు. ఇప్పటికీ ఉంది, అంచులు లేచిపోయి. టీవీలో వార్తలొస్తే, సౌండ్ తీసేసి, "నేను ఓటేసిన మనిషి" అంటూ మొదలుపెడతారు. ఒక్కోసారి మెచ్చుకోలు, ఒక్కోసారి చీవాట్లు. ఆ మనిషి గెలిచారో ఓడారో మీకు చెప్పను. చెబితే ఎవరో తెలిసిపోతుంది. ఆమె ఓటును ఎలాగూ కాపాడలేదు, దాని రహస్యాన్నయినా కాపాడనివ్వండి.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు? పోయిన వారం మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఓటరుగా నమోదయ్యే ఫారం పట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంది. కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్తుంది, బ్యాలెట్ పోస్టులో రావాలి.

"డౌటొస్తే మీ నాన్నని అడుగు" అన్నారు అత్తగారు.

"అమ్మమ్మా, నాన్న ఓటింగ్‌ని బిలీవ్ చెయ్యడు కదా. ఆయన్ని అడిగి ఏం లాభం?"

"అందుకే అడగాలే పిచ్చిదానా. నమ్మకం ఉన్నవాడు తనవాళ్ల కోసం మోసం చేస్తాడు. మీ నాన్నకి తనవాళ్లంటూ ఏ పార్టీ లేదు. నా కళ్లు పని చెయ్యనప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు నింపాడు, తనకి నచ్చకపోయినా."

ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టాను. ఏం కావాలో గుర్తు లేదు.

నా ప్రతి వ్యాసానికీ మొదటి పాఠకురాలు అత్తగారే. పెద్ద అక్షరాల్లో ప్రింట్ చేసి డైనింగ్ టేబుల్ మీద పెడతాను. ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తారు. నా నాస్తికత్వాన్ని పట్టించుకోరు, వాదన తప్పితే ఊరుకోరు. ఈ పొద్దున కాఫీ గ్లాసు పక్కన, మాత్రల డబ్బా కింద, పైన మీరు చదివిన కాగితాలన్నీ పెట్టి వచ్చాను. నాకంత ధైర్యం ఉందని నేనూ అనుకోలేదు.

ఈ చివరి ముక్క వేరే కాగితం మీద, పక్క గదిలో కూర్చుని రాస్తున్నాను. కుర్చీ జరిగింది. పెన్ను మూత తీసిన చప్పుడైంది. తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు. ఒకచోట నవ్వినట్టు అనిపించింది. పోలింగ్ బూత్ దగ్గరనుకుంటాను. ఆ తర్వాత నవ్వు లేదు.

ఇప్పుడే పిలిచారు.

"అల్లుడుగారూ."

"అండీ."

"ఇంతకీ ఆ రోజు నేను ఎవరికి ఓటేశానో, ఆ పేరు చెప్పండి."

కోపం లేదు ఆ గొంతులో. క్షమాపణా లేదు. క్లాసులో లేపి నిలబెట్టి అడిగే ప్రశ్న. మూడో పేరు. ఏ పేరు కోసం ఆ పని చేశానో, ఆ పేరు. ఆలోచిస్తున్నాను. మొదటి అక్షరం కూడా తట్టడం లేదు.

లేచి వెళ్తున్నాను. గుర్తు లేదన్న సంగతి కూడా చెప్పేయాలి. బరువైతే దిగింది.