చెప్పులు చెప్పిన సగం నిజం

మేక పెంటికలను ఊడ్చేసి, చెప్పు ముద్రలను మాత్రం భద్రంగా కాపాడుకున్న ఘనుణ్ణి నేను. ఆ తెలివితోనే సొంత బావమరిదిని పుస్తకాల దొంగ అన్నాను, అదీ పదిమందిలో. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ పరిశోధనలు ఎందుకంటే, ఆ లండన్ డిటెక్టివ్ కథలు చదివి చదివి ఇలా అయ్యాను. ఇందులో ఆ డిటెక్టివ్ తప్పేమీ లేదు. మందు మంచిదే, నేనే సీసాతో సహా మింగాను.

ఆ కథలు నాకు అంటించింది మా వీధి చివర టైలర్ భాయ్. ఆయన దగ్గర వాటి తెలుగు అనువాదం ఒకటి ఉంది, ఇటుక రాయంత లావు. అట్ట మీద బొమ్మ చెరిగిపోయి టోపీ ఒక్కటే మిగిలింది. చివరి కథలో ఆఖరి పేజీలు కుట్టు తెగి విడిగా వచ్చేస్తే, వాటిని దారంతో కట్టి లోపలే పెట్టాడు. ఆ పుస్తకం వాళ్ల నాన్నది. ఆయనా టైలరే. కాజాలు కుట్టే పని మధ్యలో ఒక్కో పేజీ చదివేవాడట. ఆయన పోయాక భాయ్‌కి మిగిలినవి రెండే: ఒక కత్తెర, ఈ పుస్తకం. కత్తెర ఎవరినీ ముట్టుకోనివ్వడు. పుస్తకం మాత్రం నా చేతిలో పెట్టాడు.

"జాగర్త సారూ. ఇది పోతే మా నాయన రెండోసారి పోయినట్టే" అన్నాడు.

ఆదివారం పొద్దున పదింటికి భాయ్ మా ఇంటికి వచ్చేవాడు. ఆ కథలను తెర మీదికి ఎక్కించినవి దొరికినవన్నీ ఇద్దరం కూర్చుని చూశాం. పాత నలుపు తెలుపు సినిమాలో డిటెక్టివ్ ఇంట్లో కూడా టోపీ తీయడు. తర్వాత వచ్చిన రంగుల సీరియల్లో ఆయన కళ్లు సగం మూసుకుని ఎదుటి మనిషి గోడు వింటాడు. వినడం ఎంత పెద్ద విద్యో ఆ ముఖం చూశాకే నాకు తెలిసింది. నెల రోజులు నేనూ కళ్లు సగం మూసి విద్యార్థుల సందేహాలు విన్నాను. సారు నిద్రపోతున్నాడనుకుని వాళ్లు చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు వస్తున్న కొత్త సిరీస్‌లో గుర్రబ్బండి పోయి టాక్సీ వచ్చింది, ఉత్తరం పోయి సెల్‌ఫోన్ వచ్చింది. మనిషి మాత్రం చెక్కుచెదరలేదు. కాలం మార్చినా, కోటు మార్చినా, తెలుగు డబ్బింగులో గొంతు మార్చినా, కష్టంలో ఉన్న మనిషి తలుపు తట్టగానే ఆయన ముందు కుర్చీ చూపిస్తాడు. ఎవరి కష్టాన్నీ చిన్నదనడు. అందుకే ఆ కథలంటే నాకు అంత ఇష్టం.

భాయ్ లెక్కలో మాత్రం ఆయన టైలరే. "సూడండి సారూ, కొలత తీయకముందే మనిషిని సదువుతాండాడు. మేమూ అంతే. కుడి భుజం దిగి ఉండాదంటే బరువు మోసేటోడు. చొక్కాకు ఎడమ పక్క మోచేయి అరిగిందంటే బల్ల మీద ఆనుకొని రాసేటోడు" అన్నాడు. నా ఎడమ మోచేయిని మెల్లగా దాచుకున్నాను.

ఇక నా ఘనకార్యం. ఒక ఆదివారం మధ్యాహ్నం వీధిలో పెళ్లి విందు ఉంది. భాయ్ వెళ్లాడు, మా బావమరిదీ వెళ్లాడు. నాకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండి, వరండాలో ఆ పుస్తకం చదువుకుంటూ, దాన్ని కుర్చీలోనే వదిలి లోపలికి పోయి పడుకున్నాను. లేచి చూస్తే కుర్చీ ఉంది, పుస్తకం లేదు. భాయ్‌కి ఏం ముఖం చూపించాలి?

అప్పుడే కనిపించాయి ముద్రలు. మా ఆవిడ కడిగిన నల్లటి బండల మీద బూడిదరంగు చెప్పు ముద్రలు. కుడి మడమ దగ్గర టైరు గీతలు. మా బావమరిదికి బండలు పాలిష్ పట్టే యార్డు ఉంది; ఆయన చెప్పులకు ఎప్పుడూ ఆ పొడే. కుడి చెప్పు మడమకు మోచీ టైరు ముక్క వేసిన సంగతి కూడా నాకు తెలుసు. ఇంకేం కావాలి? పక్కనే నాలుగైదు మేక పెంటికలు పడి ఉన్నాయి. కేసుకు సంబంధం లేని చెత్త అని ఊడ్చేశాను.

నేరుగా యార్డుకు వెళ్లి మిషన్ ఆపమన్నాను. పనివాళ్లందరూ చుట్టూ చేరారు.

"నీ కుడి చెప్పుకు టైరు ముక్క ఉంది కదా?" అన్నాను.

"ఉండాది. ఏమాయ బావా?"

"ఆ గీతలు మా వరండాలో పడ్డాయి. పుస్తకం ఇచ్చెయ్."

"ఆ చెప్పులు పెండ్లి కాడ మారిపాయ బావా! ఇవి ఎవురివో ఏసుకొని వస్తి" అంటూ కాళ్లు చూపించాడు.

నేను కళ్లు సగం మూసి నవ్వాను. "చెప్పులు కూడా మార్చేశావన్నమాట."

"అయినా పుస్తకం నేనేం జేసుకుంటా? పది ఫెయిలైనాక పుస్తకం ముట్టుకుంటే ఒట్టు!"

పనివాళ్లు పగలబడి నవ్వారు. మొత్తం కేసులో అంతకు మించిన సాక్ష్యం లేదు. ఆయన బండల వ్యాపారి, కానీ ఆ రోజు అక్కడున్న అసలు బండ నా బుర్రే.

బావమరిది మా గడప తొక్కడం మానేశాడు. "మా తమ్మునికి అంత సదువే ఉంటే ఉద్యోగం జేసుకుంటుండె గదా" అని మా ఆవిడ వారం రోజులు వడ్డనతో పాటు వడ్డించింది. భాయ్ కర్నూలులో చెల్లెలింటికి వెళ్లాడని తెలిసి, ఆ వారమంతా రోజుకో క్షమాపణ తయారు చేసుకున్నాను. ఏదీ నోరు దాటి బయటికి వచ్చేలా లేదు.

తర్వాతి ఆదివారం పదింటికి భాయ్ వచ్చాడు. చంకలో పుస్తకం. అట్ట మూల కొరికి ఉంది. కాళ్లకు టైరు ముక్క చెప్పులు.

"పెండ్లి నుంచి పోతాండా. పక్కింటోళ్ల మేక మీ వరండా ఎక్కి అట్ట నములుతాండె. చెప్పులు ఇడిసే టైము యాడుండాది? ఎగిరి గుంజుకుంటి. మిమ్మల్ని పిలిస్తే గురక బదులిచ్చె."

"ఈ చెప్పులు?" అన్నాను నీరసంగా.

"పెండ్లిలో నావి ఎవుడో ఏసకపోయినాడు. ఇవి సరిపోయినాయి."

"ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదా భాయ్!"

"మీరే కనిపెడతారని చూస్తి సారూ. ఈడ పెంటికలు గూడా పడింటాయి గదా?"

నేను చీపురు వైపు చూశాను.

యార్డుకు వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. బావమరిది క్షమించాడు, కానీ వదల్లేదు. నాలుగు నెలలు నా బుర్ర తినేశాడు. పొద్దున్నే ఫోన్ చేసేవాడు: "బావా, మా ఇంట్ల ఉప్పుడబ్బా కనపడ్లేదు. భూతద్దం తీసుకొని వస్తావా?" ఏ శుభకార్యంలో కనిపించినా చెప్పులు చంకలో పెట్టుకుని, "మా బావకు చెప్పుకూ మేకకూ తేడా తెలీదప్పా" అని చుట్టాలందరికీ చెప్పేవాడు. ఒక్కటే నాకు మింగుడుపడలేదు. చెప్పుల విషయంలో నేను చెప్పింది నిజమే కదా!

ఒక ఆదివారం నన్ను ఆటపట్టించడానికే వచ్చి, మేం కొత్త సిరీస్ చూస్తుంటే మా మధ్య కూర్చున్నాడు. పది నిమిషాలకు మాటలు తగ్గాయి. ఇరవై నిమిషాలకు, ఫోన్ మోగితే కట్ చేశాడు. సరిగ్గా హంతకుడి పేరు చెప్పబోయే చోట ఆపి, మిగతాది వచ్చే వారం అన్నారు.

"ఎవురు బావా సంపింది?"

"పుస్తకంలో ఉంది. చివరి కథ. చదువుకో."

భాయ్ నా వైపు చూశాడు. కుట్టు తెలిసినవాడు తోడుంటే కుట్రకు ఎంతసేపు? ఇద్దరం లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఇచ్చాం.

రెండు రోజులు యార్డులో మధ్యాహ్నం మిషన్ ఆగిపోయింది. పదో తరగతి తర్వాత పుస్తకం ముట్టని మనిషి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాడట. పనివాళ్లు అన్నం గిన్నెలు పట్టుకుని విన్నారట. ఆ సంగతి తెలిసి, ఏ తెర మీదా ఆ డిటెక్టివ్‌కు ఇంతకన్నా మంచి ప్రదర్శన జరగలేదనుకున్నాను.

మూడో రోజు రొప్పుకుంటూ టైలర్ షాపుకు వచ్చాడు. "బావా, లాస్టు పేజీలు యాడ?"

విడిగా ఉన్న ఆ పేజీలను భాయ్ ముందే తీసి, అస్తరు గుడ్డలో పెట్టి, నాలుగు పక్కలా దిండులాగా కుట్టేశాడు. దాన్ని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఆ రోజు మా వరండాలో ముద్రలు పడ్డ చెప్పులు ఎవరివి?" అన్నాను.

బావమరిది భాయ్ వైపు చూశాడు. భాయ్ సూదికి దారం ఎక్కించుకుంటున్నాడు. షాపులో కొలతలకు వచ్చిన నలుగురూ మా వైపే చూస్తున్నారు.

"నావే" అన్నాడు.

"టైరు ముక్క?"

"నాదే. పొడి గూడా నాదే. బావ చెప్పింది నిజమే. కాళ్లే వేరేటివి."

"కాళ్ల సంగతి నేను అడగలేదు. ముందు మాటలు ఇంకోసారి, గట్టిగా."

చెప్పాడు. వీధికంతా వినపడింది.

"కచ్చా కుట్టే సారూ, ఒక్క లాగుడుకు వస్తాది" అంటూ భాయ్ దారం కొస నా చేతికిచ్చాడు. నేను దాన్ని వేలికి చుట్టుకుని, ముందు టీ తెప్పించుకున్నాను. చాలా వేడిగా ఉండటంతో, ఊదుకుంటూ నిదానంగా తాగాను.