మూడో నంబరు కంప్యూటరు

బోధన్‌లో శక్కర్‌నగర్‌కు పోయే దారిలో దేవయ్య పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్‌ను, ఆయన పోయాక పదహారేళ్లు కూతురు శారమ్మే నడిపింది. ఎనిమిది మిషన్లు. ఏ మిషన్‌లో ఏ అక్షరం తడబడుతుందో చప్పుడు విని చెప్పేది. బాగు చేయించడానికి నిజామాబాద్ నుంచి మనిషిని పిలిపించిన రోజు ఒక్కటీ లేదు. బ్రష్షు, కిరసనాయిలు, చిన్న స్క్రూడ్రైవరు, కొంచెం ఓపిక, అంతే ఆమె సరంజామా.

2002 నాటికి టైపు నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. తమ్ముడు వీరస్వామి ఒకనాడు అక్కను మాటమాత్రం అడక్కుండా మిషన్లన్నీ వెనక గదిలో పడేయించి, హాల్లో ఆరు కంప్యూటర్లు దించాడు. బయట గేమ్స్ సెంటర్ అని బోర్డు కట్టాడు. శారమ్మకు తలుపు దగ్గర ఒక కుర్చీ వేసి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో చూస్తుండమన్నాడు. ఆమె కీబోర్డు మీద చెయ్యి వేసిందంటే చాలు, నలుగురిలోనే కసిరేవాడు.

"అక్కా, గిది టైపు మిషన్ కాదు. జర దూరముండు."

ఆ మాటకు ఆటగాళ్లు నవ్వేవాళ్లు. శారమ్మ నవ్వేది కాదు. తమ్ముడి కంచంలో అన్నం పెట్టడం మాత్రం మానేసింది. గిన్నె ముందుకు తోసేది, ఆయనే పెట్టుకునేవాడు.

ఆ ఆరింటిలో మూడో నంబరుకే గిరాకీ. కార్ల పందెం, తుపాకుల ఆట ఆగకుండా నడిచేవి దాంట్లోనే. దగ్గరి ఊరు మోస్రా నుంచి కూడా కాలేజీ కుర్రాళ్లు బస్సెక్కి వచ్చేవాళ్లు. 2004 ఎండాకాలంలో అది మొరాయించడం మొదలుపెట్టింది. ఆట మధ్యలో బొమ్మ గడ్డకట్టినట్టు ఆగేది, కాసేపు ఈడ్చుకుంటూ నడిచేది, ఆఖరుకు మొత్తం ఆరిపోయేది. గెలవబోతున్నవాడు బల్ల గుద్ది వీరస్వామి మీదికి లేచేవాడు. వీరస్వామి ఆ కోపం తెచ్చి అక్క మీద పోసేవాడు.

నిజామాబాద్‌లో కంప్యూటర్ల దుకాణం ఉన్న ఆత్మారాంకు కబురు పోయింది. ఆయన వచ్చాడు, కంప్యూటరు డబ్బా మూత కూడా తీయలేదు. కాసేపు ఆట చూసి పెదవి విరిచాడు.

"గీ కార్డు దమ్ము అయిపోయింది వీరస్వామన్నా. కొత్త ఆటలు దీని తోని కావు. కొత్త గ్రాఫిక్స్ కార్డు ఎయ్యి. లేదంటే డబ్బానే మార్చు."

"ఏద్దాం మరి. రేపు నేనే వచ్చి తీస్కపోత," అన్నాడు వీరస్వామి.

తలుపు దగ్గర నుంచి శారమ్మ అడిగింది. "ఆత్మారాం, ఒక్క మాట. పొద్దున స్విచ్ ఏసి చాలూ చేసినంక ముప్పావు గంట మంచిగనే నడుస్తది. గా తర్వాతనే ఆగుతది. మళ్ల జరసేపు బంద్ పెడితే మళ్ల మంచిగైతది. కార్డుకు దమ్ము లేకుంటే మొదటి నుంచే ఆగాలె గద?"

ఆత్మారాం ఆమె వైపు తిరగలేదు. వీరస్వామి ముఖం ఎర్రబడింది.

"నిన్నెవరన్న అడిగిండ్రా? తలుపు కాడ కూసోమంటే కూసో."

"మూత తీసి సూడమంటున్న. సూసినంక కొను, వద్దన్ననా?"

"నువ్వు గాని మూత తీసినవో, నీ మిషన్లన్ని తీస్కపోయి పాత ఇనుప సామాన్లోనికి ఏస్త!"

ఆ బెదిరింపుతోనే ఆమెలో ఏదో తెగింది. మర్నాడు మధ్యాహ్నం కొత్త కార్డు తేవడానికి వీరస్వామి నిజామాబాద్ బస్సెక్కాడు. రోజూలాగే కరెంటు పోయింది. హాలు ఖాళీ అయింది. శారమ్మ వెనక గదిలోంచి బ్రష్షు, స్క్రూడ్రైవరు తెచ్చి మూడో నంబరు మూత విప్పింది.

లోపల చూసి ముక్కు మూసుకుంది. ఆ డబ్బా పక్కింటి వైపు కిటికీకి ఆనుకుని ఉండేది. కిటికీ అవతలి వసారాలో ఆ ఇంటి హన్మవ్వ, మరో నలుగురు ఆడవాళ్లు పొద్దంతా బీడీలు చుట్టేవాళ్లు. తంబాకు పొడి రెండేళ్లుగా గాలితో వచ్చి డబ్బాలో పేరుకుంది. లోపలి ఫ్యాను రెక్కల మీద మందంగా గోధుమరంగు పొర. దాని కింద, వేడిని లాగే రేకుల మధ్య సందులు మొత్తం మూసుకుపోయాయి. ఫ్యానును వేలితో తిప్పింది. అరచుట్టు తిరిగి నిలబడిపోయింది. వేడి బయటికి పోయే దారే లేదు, అందుకే ముప్పావు గంటకు ఆగిపోతోంది.

ఆమె తుమ్ముతూనే గంటన్నర కూర్చుంది. రేకుల సందులు ఒక్కొక్కటీ బ్రష్షుతో గీకింది. పొడి ఊది, ఫ్యాను ఇరుసులో సూదిమొన మీద నిలిచేంత నూనె వేసింది. మూత బిగించి, డబ్బాను కిటికీకి దూరంగా జరిపింది.

సాయంత్రం వీరస్వామి కార్డు తెచ్చి, ఆత్మారాం పంపిన మనిషి చేత వేయించాడు. ఆట రెండు గంటలు ఆగకుండా నడిచింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. వీరస్వామి అక్క వైపు చూశాడు.

"సూసినవా? మూత తియ్యాలెనట. పెద్ద ఇంజనీరు!"

శారమ్మ కుర్చీలోంచి లేచింది. "మధ్యాహ్నం నేను తీసిన. రెండేండ్ల తంబాకు దుమ్ము ఎల్లగొట్టిన. నీ కార్డు తోని కాదు గిది నడిచేది."

"అబద్ధం!"

"అబద్ధమైతే పాత కార్డు మళ్ల ఎయ్యి. గీ పోరగాళ్ల ముంగటనే ఆడియ్యి."

వీరస్వామి పాత కార్డును అట్టపెట్టెలో పడేయబోయాడు. మోస్రా నుంచి వచ్చిన ఒకడు మాత్రం వదల్లేదు. "ఎయ్యండన్నా, సూద్దాం." కార్డు బిగించి అక్కడే ఆట చూస్తున్న మనిషే, వీరస్వామి వద్దంటున్నా వినకుండా, పాతది పెట్టాడు. ఆట మొదలైంది. ముప్పావు గంట దాటింది. గంట దాటింది. గంటన్నర అయింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరూ ఈల వేయలేదు.

వీరస్వామి స్విచ్చి పీకేశాడు. "నా సెంటర్ల నా ఇజ్జత్ తీసినవ్. పో బయటికి!"

"నీ సెంటర్ గాదు. బాపు పెట్టింది," అంది శారమ్మ. "అయినా పోత. నా మిషన్లు తీస్కపోత, అడ్డమొస్తే మాత్రం బాగుండది."

రెండు రోజుల్లో బస్టాండ్ దగ్గర చిన్న గది కిరాయికి తీసుకుని, మిషన్లన్నీ బండి మీద అక్కడికి చేర్చింది. మొదట్లో కోర్టు పక్కన దరఖాస్తులు కొట్టేవాళ్ల టైపు మిషన్లు బాగుచేసింది. తర్వాత ఆ మోస్రా కుర్రవాడే తన మేనమామ కంప్యూటరు మోసుకొచ్చాడు. ఆ ఏడాది తిరిగేలోపు బల్ల మీద టైపు మిషన్ల కంటే డబ్బాలే ఎక్కువయ్యాయి. ఆమె ఎవరికీ ముందే ఏదీ కొనమని చెప్పేది కాదు. మూత తీసి, తెచ్చినవాడికి లోపలి సంగతి చూపించి, "గిది బాగైతది, గిది కాదు" అని తేల్చేది. కాదన్నదాన్ని మార్చుకోమని నిర్మొహమాటంగా చెప్పేది. ఆ విసురు కొందరికి నచ్చలేదు, అయినా వచ్చారు.

వీరస్వామి డబ్బాలు మళ్లీ కిటికీ పక్కకే జరిపాడని హన్మవ్వ ఒకసారి చెప్పింది. శారమ్మ చేతిలోని ఫ్యానుకు నూనె వేయడం ఆపలేదు. నాలుగేళ్లకు గేమ్స్ సెంటర్ మూతపడింది. చర్చిలో పెళ్లిళ్లకు అక్కాతమ్ముళ్లు ఎదురుపడితే ఇద్దరూ వేర్వేరు బెంచీల్లో కూర్చునేవాళ్లు. "తమ్మునితోని మాట్లాడరాదు?" అని పాస్టరు భార్య వసంతమ్మ ఒక ఆదివారం బతిమాలింది.

"ఆడు నన్ను పొమ్మన్నడు, నేను పోయిన. ఇంకేం మాట్లాడాలె?" అంది శారమ్మ. చేతిసంచీ తీసుకుని బస్టాండ్ వైపు నడిచింది, దుకాణం తెరవడానికి.